ఆఫీస్ ఫిటౌట్: 3డీ వ్యూ తర్వాత చూద్దాం, ముందు సీలింగ్ పైన ఏముందో చూడండి

ఫిటౌట్ అంటే ఖాళీ ఫ్లోర్‌ని ఆఫీసుగా తయారు చేయించడం. మీరు అడిగింది క్లుప్తంగా ఇది. అద్దె లెక్కలో 12,000 చదరపు అడుగుల ఫ్లోర్, బేర్ షెల్ (లోపల గోడలు, సీలింగ్ వెయ్యని ఖాళీ ఫ్లోర్), 100 మంది స్టాఫ్, మూడు నెలలు రెంట్ ఫ్రీ. చేతిలో రెండు లేఅవుట్లు ఉన్నాయి. ఎ లో క్యాబిన్లు, మీటింగ్ రూములు అన్నీ కిటికీల వెంట, పాంట్రీ మంచి వ్యూ ఉన్న మూలకి. బి లో రూములన్నీ లిఫ్టుల గోడ చుట్టూ, డెస్కులు కిటికీల వైపు. మీ ఎండీ గారికి ఎ 3డీ వ్యూ తెగ నచ్చేసింది. మూడు కొటేషన్లలో ఒకటి మిగతా రెండిటి కంటే 20 శాతం తక్కువ. ఏ లేఅవుట్, ఏ కాంట్రాక్టర్, మూడు నెలల్లో అయిపోతుందా అని అడిగారు.

పొట్టి జవాబు: బి తీసుకోండి, కొన్ని మార్పులు చేయించి. తక్కువ కొటేషన్ అతన్ని ఇప్పుడే ఓకే చెయ్యొద్దు, అలాగని పక్కన పెట్టెయ్యొద్దు. మూడు నెలలు అనేది డిజైన్ కూడా కలిపితే చాలదు. ఎందుకో చెప్తా, కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదవండి.

ముందు ఏరియా సంగతి. మీరు రాసిన దాంట్లో వాడుకునే ఏరియా 8,600 అని ఉంది, అంటే మనిషికి 86 చదరపు అడుగులు పడుతుంది, ఇందులోనే రిసెప్షన్, నడిచే దారులు, మీటింగ్ రూములు, యూపీఎస్ రూమ్, హబ్ రూమ్ (నెట్‌వర్క్ పెట్టెలుండే గది) అన్నీ రావాలి. ఇరుకే కానీ కుదరని లెక్కేం కాదు. అయితే 100 అనేది పే రోల్ మీద ఉన్న నంబరా లేక ఒకే రోజు ఒకే టైంలో కుర్చీలో కూర్చునే నంబరా అనేది హెచ్ఆర్ వాళ్ళతో కూర్చుని తేల్చుకోండి, ఇంటి నుంచి పనిచేసే రోజులు ఉన్న కంపెనీల్లో ఈ రెండు నంబర్లకీ చాలా తేడా ఉంటుంది, ఆ తేడా మీకు రెండు మీటింగ్ రూముల జాగా మిగల్చొచ్చు. యాక్సెస్ కార్డు డేటా ఉంటే రోజువారీ ఎక్కువలో ఎక్కువ ఎంతమంది వస్తున్నారో అందులోనే తెలిసిపోతుంది, ఎవర్నీ అడగక్కర్లేదు.

డెస్క్ సైజు మీద మీ డిజైనర్ 1500 ఎంఎం వేశారు. 1400 కి దిగితే కూర్చునేవాళ్ళకి పెద్దగా తేడా తెలీదు, కానీ ఆరు డెస్కులు పక్కపక్కన వేసే వరుసలో 600 ఎంఎం మిగులుతుంది, అంటే ఆ వరుస చివర దారి ఇరుకు కాకుండా ఉంటుంది. వెనకా వెనకా కుర్చీలు వచ్చే చోట మాత్రం డెస్క్ అంచు నుంచి డెస్క్ అంచుకి 1500 తగ్గనివ్వకండి, మధ్యలోంచి జనం నడిచే దారి కూడా అదే అయితే 1800. వీల్‌చెయిర్ తిరగడానికి 1500 ఎంఎం వలయం కావాలి, ఇది టాయిలెట్ వైపు దారిలోనూ కనీసం ఒక మీటింగ్ రూములోనూ ఉందో లేదో డ్రాయింగ్ మీద గుండ్రం గీసి చూడమనండి, చాలా లేఅవుట్లు ఇక్కడే దొరికిపోతాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. ప్లాన్ అంటే పైనుంచి చూసిన బొమ్మ. అందులో గోడలు, డెస్కులు కనిపిస్తాయి గానీ ఆ డెస్కుల మీద గాలి ఎలా వస్తుందో, నీళ్ళు ఎలా పోతాయో కనపడదు. మీకు తర్వాత తలనొప్పి తెచ్చేవన్నీ ఫాల్స్ సీలింగ్ పైనే ఉంటాయి. అందుకే డిజైనర్‌ని నేనైతే మొదట అడిగేది 3డీ కాదు, సెక్షన్. బిల్డింగ్‌ని కేక్ ముక్కలా నిలువుగా కోస్తే కనపడే బొమ్మ.

మీ కేసే తీసుకుని ఒక లెక్క వేద్దాం. ఫ్లోర్ నుంచి పై ఫ్లోర్‌కి 3600 ఎంఎం అన్నారు. బీమ్ లోతు స్లాబుతో కలిపి 600 అనుకోండి, బీమ్ కింద మిగిలేది 3000. దాని కింద నుంచి ఏసీ డక్ట్ వెళ్ళాలి, డక్ట్ 350, పైనా కిందా ఇన్సులేషన్ కలిపి 400, బీమ్‌కి తగలకుండా 50 గ్యాప్. అయింది 2550. దాని కింద సీలింగ్ ఫ్రేము, లైట్ బాడీ కూర్చోడానికి 150 పోతే 2400. వైర్ల కోసం 100 ఎంఎం రెయిజ్డ్ ఫ్లోర్ కూడా వేస్తామన్నారు, అదీ తీసేస్తే 2300. మీ ఎండీ గారికి చూపించిన 3డీలో సీలింగ్ 2800 ఉంది. 3డీ చేసే కుర్రాడు బీమ్ పెట్టడు, డక్ట్ పెట్టడు, అతనికి ఎవరూ చెప్పరు కూడా. పని సగమయ్యాక సైట్‌లో ఏసీ అతనూ సీలింగ్ అతనూ కొట్టుకుంటారు, చివరికి మధ్యలో ఎక్కడో ఒక డబ్బాలాంటి డ్రాప్ వేసి డక్ట్ దాచేస్తారు, అది సరిగ్గా రిసెప్షన్ ముందే వస్తుంది.

దీనికి దారి లేకపోలేదు. పెద్ద డక్ట్‌ని కోర్ గోడ (అదే, లిఫ్టుల గోడ) పక్కన కారిడార్‌లో తిప్పి అక్కడ మాత్రం సీలింగ్ 2400 ఉంచి, డెస్కులున్న హాల్లోకి వెళ్ళేసరికి చిన్న డక్టులు బీమ్‌కి సమాంతరంగా రెండు బీముల మధ్యలోంచి తీసుకెళ్తే హాల్లో 2700 దాకా తేవచ్చు, రెయిజ్డ్ ఫ్లోర్ మానేసి డెస్కుల వరకు రేస్‌వేలు (వైర్లు పోయే గొట్టాలు) వేసుకుంటే ఇంకా సులువు. నేను బి అనడానికి ఇదొక పెద్ద కారణం. రూములు కోర్ చుట్టూ ఉంటే తక్కువ సీలింగ్, ఎక్కువ డక్టులు అన్నీ ఆ పట్టీలోనే ఇమిడిపోతాయి, వెలుతురు వచ్చే వైపు ఎత్తు మిగుల్తుంది.

అసలు సీలింగే వద్దు ఓపెన్‌గా వదిలేద్దాం, డబ్బులు మిగుల్తాయి అని కూడా మీరు రాశారు. మిగలవు అండి, పెద్దగా. కనపడే డక్ట్ నీట్‌గా ఉండాలి, కేబుల్ ట్రేలు లైన్‌లో ఉండాలి, స్లాబ్ కింద పెయింట్ కొట్టాలి, పైగా శబ్దం పీల్చే టైల్ సీలింగ్ పోయింది కాబట్టి దానికి బదులు బాఫిల్స్ అనే పలకలు వేలాడదీయాలి, లేకపోతే 100 మంది ఫోన్లు మాట్లాడుతుంటే సంతలో కూర్చున్నట్టే. లుక్ నచ్చి వేసుకుంటామంటే వేసుకోండి, ఆదా కోసం అయితే వద్దు.

మీటింగ్ రూముల ఏసీ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఫిటౌట్ అయ్యాక వచ్చే కంప్లయింట్లలో నాకు ఎక్కువగా కనిపించేది ఇదే. 200 చదరపు అడుగుల జాగా ఓపెన్ హాల్లో ఉంటే అందులో మీ లెక్కన ఇద్దరో ముగ్గురో కూర్చుంటారు. అదే 200 అడుగులకి నాలుగు గోడలు కట్టి మీటింగ్ రూమ్ అంటే 10 మంది కూర్చుంటారు. కూర్చుని ఆఫీసు పని చేసుకునే మనిషి ఒంటి నుంచి సుమారు 130 వాట్ల వేడి వస్తుంది, 10 మందికి 1300 వాట్లు, ఒక టన్ను ఏసీ అంటే 3.5 కిలోవాట్లు కాబట్టి టన్నులో మూడో వంతు పైగా మనుషులకే పోతుంది, ఇంకా స్క్రీన్, లైట్లు వేరు. బయటి తాజా గాలి కూడా అంతే. యాష్రే 62.1 (గాలి మార్పిడికి అమెరికన్ ప్రమాణం) ప్రకారం మీటింగ్ రూముకి మనిషికి 5 సీఎఫ్ఎం (నిమిషానికి ఇన్ని ఘనపు అడుగుల గాలి), దానికి తోడు చదరపు అడుగుకి 0.06, అంటే ఈ రూముకి 50 కి 12 కలిపి 62 సీఎఫ్ఎం కావాలి. హాల్ మొత్తానికి సగటున లెక్కేసి ఒక డిఫ్యూజర్ (గాలి వచ్చే జాలీ) ఆ రూములో పెట్టేస్తే పావుగంటలో ఉక్క మొదలవుతుంది, అరగంటకి ఆవలింతలు. కాబట్టి పెద్ద రూములకి విడిగా యూనిట్ లేదా కనీసం విడి జోన్, థర్మోస్టాట్ ఆ రూములోనే. పక్క క్యాబిన్‌లో పెట్టిన థర్మోస్టాట్ వల్ల రెండు రూముల వాళ్ళూ ఏళ్ళ తరబడి తిట్టుకున్న ఆఫీసులు నాకు తెలుసు.

ఇంకోటి, చాలామంది మర్చిపోయేది రిటర్న్ ఎయిర్. గాలి లోపలికి పంపడం అందరూ గీస్తారు, అది తిరిగి బయటికి ఎలా వెళ్తుందో గీయరు. హాల్లో సీలింగ్ పైన ఉన్న ఖాళీ గుండానే గాలి యూనిట్‌కి తిరిగి వెళ్తుంది. క్యాబిన్ గోడ స్లాబు దాకా కట్టేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే. ఒక ఆఫీసులో డైరెక్టర్ క్యాబిన్ తలుపు ఏసీ ఆన్ చేసినప్పుడల్లా లాక్ పడేది కాదు, తలుపు సందులోంచి సన్నగా ఈల లాంటి సౌండ్, కార్పెంటర్‌ని పిలిపించి కబ్జాలు సరిచేయిస్తూనే ఉన్నారు, గొడవ కబ్జాల్లో లేదు, రూములోకి వచ్చిన గాలికి బయటికి దారి లేదు. గోడ పైభాగంలో లోపల అకూస్టిక్ లైనింగ్ ఉన్న వంకర డక్ట్ ముక్క ఒకటి పెడితే గాలి వెళ్తుంది, మాటలు వెళ్ళవు.

మాటలంటే గుర్తొచ్చింది. గోడని సీలింగ్ దాకానే ఆపేస్తే లోపలి మాటలు సీలింగ్ టైల్ మీదుగా పక్క రూములోకి దిగుతాయి. పార్టిషన్‌కి ఎస్‌టీసీ (గోడ శబ్దాన్ని ఎంత ఆపుతుందో చెప్పే నంబరు) 45 అని బీఓక్యూలో, అంటే పనులు, పరిమాణాలు, రేట్ల పట్టికలో రాస్తారు గానీ గోడ సీలింగ్ దగ్గర ఆగితే ఆ నంబరుకి అర్థం లేదు. హెచ్ఆర్, ఫైనాన్స్, ఎండీ రూము, ఈ మూడింటికి స్లాబు దాకా, లోపల రాక్‌వూల్ (శబ్దం ఆపే దూది లాంటి పొర), తలుపు కింద డ్రాప్ సీల్ (తలుపు వేయగానే కింది సందు మూసే పట్టీ). మిగతావాటికి సీలింగ్ దాకా చాలు, అన్నిటికీ స్లాబు దాకా కట్టించి డబ్బు తగలెయ్యొద్దు. ముందు వైపు సింగిల్ గ్లాస్ ఉంటే దాని దగ్గరే ఎస్‌టీసీ 35 చుట్టూ ఆగిపోతుంది, కాబట్టి జీతాల గురించి మాట్లాడే రూముకి గ్లాస్ ఫ్రంట్ అసలు ఎందుకో ఆలోచించండి.

ఇక లేఅవుట్ ఎ ఎందుకు వద్దంటున్నానో ఇంకో రెండు ముక్కలు. అందులో క్యాబిన్ వెడల్పు 3 మీటర్లు వేశారు, మీ ఎలివేషన్ ఫొటోలో కిటికీ ఫ్రేములు 1.4 మీటర్లకి ఒకటి ఉన్నాయన్నారు. అంటే పార్టిషన్ వెళ్ళి ఫ్రేము మీద కాకుండా అద్దం మధ్యలో తగుల్తుంది. అద్దానికి గోడని సీల్ చెయ్యడం కుదరదు, ఏదో ఫోమ్ పెట్టి మూస్తారు, అక్కడ సందు, ఆ సందులోంచి పక్కవాళ్ళ మాటలు, బయటినుంచి చూస్తే బిల్డింగ్ అందం కూడా చెడుతుంది, చాలా బిల్డింగుల ఫిటౌట్ గైడ్‌లో ఇది చెయ్యకూడదని రాసే ఉంటుంది. 2.8 లేదా 4.2 కి మార్చాలి, మారిస్తే క్యాబిన్ల సంఖ్యే మారిపోతుంది.

పాంట్రీ మూల సంగతి ఇంకా ఘోరం. మూల నుంచి ప్లంబింగ్ షాఫ్ట్‌కి (పైపులు నిలువుగా దిగే చోటు) 20 మీటర్లు ఉందన్నారు. డ్రెయిన్ పైపుకి 80 కి 1 వాలు వేసినా 20 మీటర్లకి 250 ఎంఎం దిగాలి. మీ స్లాబు కింద వేరే కంపెనీ ఆఫీసు ఉంది, వాళ్ళ సీలింగ్‌లోంచి మీ పైపు పోనివ్వరు, కాబట్టి పాంట్రీ ఫ్లోరే ఒక మెట్టున్నర ఎత్తు లేపాలి, లేదా పంపు పెట్టాలి, ఆ పంపు ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. పాంట్రీని షాఫ్ట్ పక్కకి తెచ్చేయండి. వ్యూ కావాలంటే తినే టేబుళ్ళు మాత్రం కిటికీ దగ్గర వేసుకోండి, సింక్ అవసరం లేదు కదా అక్కడ.

బి లో మార్చాల్సింది కూడా ఉంది. డెస్కులు కిటికీకి ఎదురుగా వేశారు, అడ్డంగా తిప్పించండి, స్క్రీన్ కిటికీకి లంబంగా ఉంటే మెరుపు పడదు. పెద్ద బోర్డ్ రూమ్ ఒకటి, 8 మంది రూములు మూడు ఉన్నాయి, ఇవి ఎక్కువ, ఎందుకంటే రోజూ జరిగే మీటింగుల్లో చాలావరకు ఇద్దరు ముగ్గురివే, పన్నెండు కుర్చీల రూములో ఇద్దరు కూర్చుని వీడియో కాల్ మాట్లాడడం ప్రతి ఆఫీసులోనూ కనిపించేదే. 8 మంది రూము ఒకటి తీసేసి రెండు నలుగురి రూములు, నాలుగు ఫోన్ బూత్‌లు చెయ్యండి, బూత్‌లో ఫ్యాన్ ఉండేలా చూసుకోండి. మీ ఎండీ గారు క్యాబిన్లన్నీ తీసేసి అంతా ఓపెన్ చేస్తే జనం బాగా కలిసిపోతారు అంటున్నారని రాశారు, ఆయనకి ఒక మాట చెప్పండి, 2018లో హార్వర్డ్ వాళ్ళు బెర్న్‌స్టీన్, టర్బన్ రెండు కంపెనీల్లో ఓపెన్ ఆఫీసుకి మారకముందూ మారాకా సెన్సర్లు పెట్టి కొలిస్తే ఎదురెదురుగా మాట్లాడుకోవడం సుమారు 70 శాతం తగ్గింది, ఈమెయిల్, మెసేజ్‌లు పెరిగాయి. ఓపెన్ వద్దని కాదు, గోడలు తీసేస్తే చాలు మాటలు పెరుగుతాయి అనుకోవద్దని.

ఫైర్ విషయం చిన్నగా చెప్తా కానీ చిన్న విషయం కాదు. బేర్ షెల్‌లో ఉన్న స్ప్రింక్లర్లు ఖాళీ హాల్‌కి వేసినవి. మీరు గోడలు కట్టిన ప్రతి రూములో స్ప్రింక్లర్, డిటెక్టర్ రావాలి, ఎత్తు బీరువాలు ఉన్నచోట స్ప్రింక్లర్ కింద 450 ఎంఎం పైగా ఖాళీ ఉండాలి. సీలింగ్ పైన ఖాళీ 800 దాటితే అక్కడ కూడా డిటెక్టర్లు అడుగుతారు చాలాచోట్ల. కార్డ్ తలుపుల మ్యాగ్నెటిక్ లాకులు ఫైర్ అలారం మోగినా కరెంటు పోయినా వాటంతటవే వదిలేయాలి, దీన్ని చివర్లో అలారం నిజంగా మోగించి చూడండి, కాగితం మీద సంతకం చాలదు. ఎగ్జిట్ దూరాలు మీ ఊరి రూల్ ప్రకారం కన్సల్టెంట్ చేత రాయించుకోండి.

కరెంటు: డెస్కుకి లాప్‌టాప్, రెండు మానిటర్లు కలిపి 150 వాట్లు పెట్టుకుంటే 100 డెస్కులకి యూపీఎస్ మీద 15 కిలోవాట్లు, దానికి హబ్ రూమ్ కలుపుకోండి. యూపీఎస్ బ్యాటరీలు, ఫైళ్ళ కంపాక్టర్లు (పట్టాల మీద జరిగే బీరువాలు) ఎక్కడ పడితే అక్కడ పెట్టొద్దు, ఆఫీస్ స్లాబులు మామూలుగా చదరపు మీటరుకి 250 నుంచి 400 కిలోల బరువుకి డిజైన్ చేస్తారు, నిండా ఫైళ్ళున్న కంపాక్టర్ దాన్ని తేలిగ్గా దాటేస్తుంది, స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని అడిగాకే. లైటింగ్ డెస్క్ మీద 500 లక్స్ అనేది ఎక్కువమంది పాటించేది, దారుల్లో 100 చాలు, హాలంతా 500 కొట్టించొద్దు.

ఇప్పుడు కొటేషన్లు. 20 శాతం తక్కువ అతను మోసగాడు అనుకోనక్కర్లేదు, అలాగని దయామయుడు కూడా కాదు, చాలావరకు అతను కొన్ని కలపలేదు. మూడు కొటేషన్లు పక్కపక్కన పెట్టుకుని మొత్తాలు కాకుండా ఎవరు ఏం రాయలేదో వెతకండి. నేనైతే మొదట చూసేవి: స్ప్రింక్లర్ మార్పులు ఉన్నాయా, బిల్డింగ్ మెయిన్ ప్యానెల్ నుంచి మీ ఫ్లోర్ దాకా కేబుల్ ఎవరిది, పార్టిషన్ ఎత్తు ఎంతకి లెక్కేశారు, చెత్త తరలింపు, సర్వీస్ లిఫ్ట్ రాత్రిపూట మాత్రమే ఇస్తే ఆ లేబర్ ఖర్చు, ఫైర్ అలారంని బిల్డింగ్ ప్యానెల్‌తో కలపడం. తర్వాత ఒకే బీఓక్యూ, ఒకే మేక్ లిస్టు (ఏ కంపెనీ సామాను వాడాలో చెప్పే జాబితా) మీరే తయారు చేయించి ముగ్గురికీ ఇచ్చి మళ్ళీ రేట్లు అడగండి. 20 శాతం తేడా చాలావరకు అక్కడే కరిగిపోతుంది, ఇంకా మిగిలితే అప్పుడు అతన్నే తీసుకోండి సంతోషంగా. బీఓక్యూలో డిజైన్ ప్రకారం, లమ్సమ్ (కొలత లేకుండా మొత్తానికి ఒక రేటు) అని రాసిన లైన్లు ఎన్ని ఉంటే అన్ని ఎక్స్‌ట్రా బిల్లులు వస్తాయి. బడ్జెట్‌లో 5 నుంచి 10 శాతం పక్కన పెట్టండి, ఆ సంగతి డిజైనర్‌కి చెప్పొద్దు, చెప్తే అది రిసెప్షన్ గోడ మీద ఖర్చైపోతుంది.

టైం సంగతి. డిజైన్, డ్రాయింగులు, బిల్డింగ్ వాళ్ళ అప్రూవల్ కలిపి నెలా నెలన్నర, సైట్ పని రెండున్నర మూడు నెలలు, ఇది అన్నీ సజావుగా జరిగితే. కాబట్టి రెంట్ ఫ్రీ అనేది అగ్రిమెంట్ తేదీ నుంచి కాకుండా ఫిటౌట్ అనుమతి చేతికొచ్చిన తేదీ నుంచి లెక్కపెట్టమని అడగండి, సంతకం కాకముందే అడగాలి, తర్వాత వినరు. అలాగే ఖాళీ చేసేటప్పుడు మళ్ళీ బేర్ షెల్ చేసివ్వాలా లేదా అనేది కూడా అప్పుడే తేల్చుకోండి.

లేటయ్యేది ఎక్కువగా కార్పెంటర్ల వల్ల కాదు, ఆర్డర్ల వల్ల. ఏసీ యూనిట్లు, ఎలక్ట్రికల్ ప్యానెల్, యూపీఎస్, కుర్చీలు, ఇవి లేఅవుట్ ఫ్రీజ్ అయిన వారంలోనే ఆర్డర్ పడాలి. గ్లాస్ మాత్రం వీటికి ఉల్టా. టఫెన్ చేసిన (వేడితో గట్టిపరిచిన) అద్దాన్ని తర్వాత కోయడం, రంధ్రం వేయడం కుదరదు, ముక్కలైపోతుంది, అందుకే ఫ్లోర్ లెవెల్ అయ్యి, పై ఫ్రేము బిగించాక సైట్‌లో కొలతలు తీసి అప్పుడు ఫ్యాక్టరీకి పంపుతారు. డ్రాయింగ్ కొలతలతో ముందే ఆర్డర్ పెట్టేసి టైం మిగిల్చాం అని సంబరపడేవాళ్ళని చూశా, ఫ్లోర్ ఒక మూలన 12 ఎంఎం ఎత్తుంది, ఒక్క అద్దం కూర్చోలేదు, మొత్తం మళ్ళీ చేయించారు. కాబట్టి షెడ్యూల్‌లో ఫ్లోర్ లెవెలింగ్ ఎప్పుడవుతుందో చూడండి, గ్లాస్ తేదీ దాన్నే పట్టుకుని ఉంటుంది.

సైట్ మొదలయ్యాక మీరు తప్పకుండా వెళ్ళాల్సింది రెండుసార్లు. ఒకటి, ఫ్లోర్ మీద గోడల మార్కింగ్ వేసిన రోజు, తలుపులు తెరుచుకునే వంపు కూడా సున్నంతో గీయమని చెప్పి, ఎండీ గారిని తీసుకెళ్ళి ఆ గీతల మధ్య నడిపించండి, క్యాబిన్ చిన్నదైంది అనేది అప్పుడే చెప్తే ఖర్చు ఒక బ్రష్, ఒక బకెట్. రెండోది, సీలింగ్ మూసే ముందు. స్ప్రింక్లర్ పైపు ప్రెజర్ టెస్ట్ మీ కళ్ళ ముందు జరగాలి, ఎన్‌ఎఫ్‌పీఏ 13 (స్ప్రింక్లర్లకి అమెరికన్ ప్రమాణం) అడిగేది 200 పీఎస్ఐ ఒత్తిడి మీద 2 గంటలు. ఏసీ డ్రెయిన్ పైపుల్లో ప్రతి యూనిట్ దగ్గర ఒక సీసా నీళ్ళు పోయించి అవతల చివర వస్తున్నాయో చూడండి, దీనికి ఇంజినీరింగ్ అక్కర్లేదు, సీలింగ్ మీద పసుపు మరకలు పడేది ఎక్కువగా ఈ వాలు సరిగ్గా లేకే. తర్వాత మొత్తం సీలింగ్ పైభాగం గ్రిడ్ ప్రకారం ఫొటోలు తీసిపెట్టుకోండి, రెండేళ్ళ తర్వాత ఏదో వాల్వ్ ఎక్కడుందో వెతికేటప్పుడు డ్రాయింగ్ కంటే అవే పనికొస్తాయి.

కార్పెట్ టైల్ అన్నిటికంటే ఆఖరున, ఒక 3 నుంచి 5 శాతం ఎక్స్‌ట్రా కొని స్టోర్‌లో పెట్టండి, తర్వాత అదే రంగు బ్యాచ్ దొరకదు. చివరి బిల్లులో 5 శాతం ఆపి, డిఫెక్ట్ పీరియడ్ (లోపాలు కాంట్రాక్టరే సరిచేయాల్సిన గడువు) ఒక ఏడాది పెట్టించండి, అందులో ఒక ఎండాకాలం పూర్తిగా రావాలి, ఏసీ సంగతి అప్పటికి గాని తెలీదు.

ఇంకా బాగా చెప్పాలంటే నాకు బీమ్ లేఅవుట్ డ్రాయింగ్, బిల్డింగ్ వాళ్ళు మీ ఫ్లోర్‌కి ఇచ్చే కరెంటు లోడ్ ఎంత, ఏసీకి చల్లనీళ్ళు వాళ్ళే ఇస్తున్నారా మీరే యూనిట్లు పెట్టుకోవాలా, మధ్యాహ్నం ఎండ ఏ వైపు అద్దం మీద పడుతుంది, ఈ నాలుగూ కావాలి. అవి పంపితే బి మీద ఏసీ జోన్లు ఎలా విడగొట్టాలో గీసి చూపిస్తా.